వేటకీ ఇంటికీ ఒకటే కుక్క: పిల్లని పెంచుకోవాలా, నేర్చినదాన్ని కొనుక్కోవాలా?

మా ఆర్కాన్సాలో బాతుల సీజన్ 60 రోజులు. నవంబర్ చివర్లో మొదలై, మధ్యలో ఒకట్రెండు విరామాలతో జనవరి 31 దాకా ఉంటుంది. ఆ 60లో ఆఫీసు, పిల్లల స్కూలు, క్రిస్మస్ సెలవుల ప్రయాణాలు పోగా నేను నీళ్ళలో నిలబడేది పన్నెండు రోజులు, బాగా కుదిరిన ఏడాది పదిహేను. మిగతా 350 రోజులూ కుక్క మా ఇంట్లోనే ఉంటుంది, సోఫా పక్కన, వంటింటి గుమ్మం దగ్గర, పిల్లల మంచం కింద. రిట్రీవర్, అంటే కొట్టిన పక్షిని వెతికి తెచ్చే కుక్క, కొనాలనుకుంటున్నాం, ఏది కొనమంటారు అని తెలుగువాళ్ళు ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఈ లెక్కే. చాలామంది ఆ పన్నెండు రోజులని మనసులో పెట్టుకుని కుక్కని ఎంచుకుంటారు, తర్వాత ఆ 350 రోజులు ఇంటిల్లిపాదీ అవస్థ పడతారు, పాపం ఆ కుక్క ఇంకా ఎక్కువ పడుతుంది.

నేను ఉండేది బెంటన్‌విల్‌లో. సొంతూరు భీమవరం దగ్గర. మొదటిసారి ఆఫీసులో ఒకాయన నన్ను మా రాష్ట్రంలోనే ఉన్న స్టట్‌గార్ట్ అనే ఊరి వైపు తీసుకెళ్ళినప్పుడు, నాలుగు గంటలు కారులో కూర్చుని దిగేసరికి ఎదురుగా వరి చేలు, గట్లు, కాలవలు. అమెరికాలో వరి అన్నిటికంటే ఎక్కువ పండేది ఆర్కాన్సాలోనే. కోతలయ్యాక చేలకి నీళ్ళు పెట్టి వదిలేస్తారు, రాలిన గింజల కోసం ఉత్తరాది నుంచి మల్లార్డ్ బాతులు గుంపులు గుంపులుగా దిగుతాయి. ఆ పొద్దున చలిలో, బురద వాసనలో నాకు మా ఊరే గుర్తొచ్చింది, అప్పట్నుంచి ఏ ఏడూ మానలేదు.

నేర్చిన రిట్రీవర్ అంటే ఏమిటో ముందు ఒక్కసారి చూపిస్తాను. మా చుక్క నల్ల లాబ్రడార్, ఆడది, దాదాపు 58 పౌండ్లు. నీళ్ళు నిండిన ఓక్ చెట్ల అడవిలో, చెట్టుకి కట్టిన చిన్న స్టాండ్ మీద కూర్చుని ఉంటుంది. బాతులు కొమ్మల మధ్య నుంచి దిగుతుంటే దాని ఒళ్ళంతా వణుకుతుంది కానీ కూర్చున్న చోటు నుంచి అంగుళం కదలదు. తుపాకీ పేలాక బాతు ఎక్కడ పడిందో కళ్ళతో పట్టుకుంటుంది, దీన్నే మార్క్ అంటారు. నేను పేరు పిలిచేదాకా ఆగుతుంది. పిలిచానా, ఇక నీళ్ళలోకి దూకడమే. ఒకసారి దెబ్బ తగిలిన మగ మల్లార్డ్ ఒకటి ఈదుకుంటూ చెట్ల వెనక్కి పోయి ముక్కు మాత్రమే పైకి పెట్టి దాక్కుంది. మనుషులం ముగ్గురం వెతికినా దొరికేది కాదు. చుక్క నాలుగు నిమిషాలకి దాన్ని పట్టుకొచ్చి, నా అరచేతి కింద తల పెట్టి, "గివ్" అన్నాక వదిలింది. ఒక్క ఈక నలగలేదు. కొట్టిన పక్షిని వెతికి తెచ్చుకోవడానికి తగినంత ప్రయత్నం చేసి తీరాలని ఫెడరల్ నిబంధన ఉంది, అది అటుంచినా, ప్రాణం తీశాక దాన్ని నీళ్ళలో వదిలేసి రావడం నా మటుకు తప్పు. కుక్క లేకుండా బాతుల వేటకి వెళ్ళకూడదని నేను అనుకునేది అందుకే.

ఇప్పుడు ఎంపిక విషయం. దారులు నాలుగున్నాయి, ధరలు నేను ఈమధ్య మా చుట్టుపక్కల చూసినవి, మీ రాష్ట్రంలో తేడా ఉండొచ్చు.

మొదటిది, ఎనిమిది వారాల పిల్లని తెచ్చి మీరే నేర్పుకోవడం. మంచి వేట వంశం, తల్లిదండ్రుల హెల్త్ పేపర్లు అన్నీ ఉన్న పిల్ల 1,200 నుంచి 2,500 డాలర్లు. చవగ్గా కనిపిస్తుంది. కానీ రోజుకి రెండు పూటలా పావుగంట చొప్పున, ఆరోగ్యం బాగున్నా లేకపోయినా, రెండేళ్ళ పాటు మీరు దాని మీద పెట్టాలి. ఆరు నెలల దాకా పేరు, కూర్చోవడం, రమ్మంటే రావడం, నీళ్ళు అలవాటు చేయడం, చిన్న బంపర్లు విసిరి తెప్పించుకోవడం. బంపర్ అంటే బాతుకి బదులు వాడే ప్లాస్టిక్ లేదా కాన్వాస్ ముద్ద. పాలపళ్ళు ఊడి పెద్ద పళ్ళు వచ్చాక నోట్లో పట్టుకోమంటే పట్టుకోవడం, ఇమ్మనేదాకా వదలకపోవడం నేర్పుతారు, దాన్ని ఇక్కడ ఫోర్స్ ఫెచ్ అంటారు. మొదటిసారి పిల్లని పెంచేవాళ్ళు సాధారణంగా ఈ మెట్టు దగ్గరే చిక్కుకుంటారు, తొందరపడితే కుక్కకి పక్షంటేనే విరక్తి పుడుతుంది.

నేను చేసిన పొరపాటు అంతకంటే ముందే జరిగింది. 2012లో బంటి అని గోల్డెన్ రిట్రీవర్ పిల్లని తెచ్చుకున్నాం. బంగారంలాంటి కుక్క. ఐదో నెలలో, తుపాకీ చప్పుడు అలవాటు చేయాలి కదా, షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళి కాసేపు కూర్చోబెట్టు చాలు అని తెలిసినాయన ఒకరు చెబితే తీసుకెళ్ళాను. పది నిమిషాలు. అది నా కాళ్ళ మధ్య దూరి, పట్టీ మెలేసుకుని, ఒంటేలు పోసేసింది. ఆ తర్వాత జూలై 4 బాణసంచా అన్నా, దీపావళికి పక్కింటి పిల్లలు కాల్చే టపాసులన్నా బాత్‌టబ్‌లో దాక్కునేది. చప్పుడు అలవాటు చేయాల్సిన పద్ధతి వేరే ఉంది: కుక్క బంపర్ వెంట ఆనందంగా పరిగెడుతున్నప్పుడు, వంద గజాల అవతల ఎవరో ఒకరు చిన్న చప్పుడు చేయాలి, కుక్క దాన్ని పట్టించుకోకపోతే వారాల మీద మెల్లగా దగ్గరికి రావాలి. చప్పుడుకీ సరదాకీ దాని బుర్రలో ముడి పడాలి. బంటికి నేను చప్పుడుకీ భయానికీ ముడి వేశాను. అది తొమ్మిదేళ్ళు మా పిల్లలతో పెరిగింది, ఒక్క రోజు కూడా వేటకి రాలేదు, నేను దాన్ని ఇంకెవరికీ ఇవ్వలేదు. 2021లో క్యాన్సర్‌తో పోయింది.

రెండో దారి, పిల్లని కొని ఆరో నెలలోనో ఏడో నెలలోనో ట్రైనర్ దగ్గర వదలడం. నెలకి 800 నుంచి 1,200 డాలర్లు, కనీసం నాలుగు నెలలు, పక్షులకి వేరే ఖర్చు. లెక్క వేస్తే మూడో దారికి అయ్యే డబ్బే ఇక్కడా అవుతుంది. పైగా కుక్క ఎలా తయారవుతుందో ముందే తెలీదు, అన్ని పిల్లలూ వేటకి పనికిరావు, పనికిరాదని తేలేసరికి డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది. మా మిత్రుడొకాయన ఇలాగే ఒక చోట వదిలి మూడు నెలల తర్వాత వెళ్తే కుక్క పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది, చెయ్యి ఎత్తితే కళ్ళు మూసుకుంటోంది. వారం వారం వచ్చి చూస్తాను, ట్రైనింగ్ జరిగేటప్పుడు పక్కన నిలబడతాను అని అడగండి. కుదరదన్న చోట వదలకండి. మంచివాళ్ళు మీరు రాకపోతేనే చిరాకు పడతారు, ఎందుకంటే నేర్చుకోవాల్సింది కుక్క ఒక్కటే కాదని వాళ్ళకి తెలుసు.

మూడోది నేను ఎంచుకున్నది, నా ఓటు కూడా దీనికే. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసున్న, సగం నేర్చిన కుక్క. వీటిని స్టార్టెడ్ డాగ్ అంటారు. చెప్పిన మాట వింటుంది, తుపాకీకి బెదరదు, ఒకటి రెండు పక్షులు పడిన చోటు గుర్తుపెట్టుకుని తెస్తుంది, చేతికిస్తుంది, క్రేట్‌లో (కుక్క పడుకునే పెట్టెలో) పడుకుంటుంది, పడవ ఎక్కుతుంది. ధర 4,000 నుంచి 8,000 డాలర్లు. చుక్కని 2021 అక్టోబర్‌లో 14 నెలల వయసులో 5,500కి తెచ్చాం. మా ఆవిడ ఆ అంకె విని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఇద్దరం కూర్చుని బంటికి రెండేళ్ళలో అయిన ఖర్చు, ట్రైనర్ ఫీజుల అంచనా, కొరికి పాడుచేసిన సామాను, వృథా అయిన సీజన్లు కాగితం మీద రాస్తే తేడా పెద్దగా కనిపించలేదు. అన్నిటికంటే ముఖ్యం, ఈ వయసులో కుక్క స్వభావం బయటపడిపోయి ఉంటుంది. పిల్లలో మీరు చూసేది ఆశ మాత్రమే. 14 నెలల కుక్కలో గుణాన్ని కళ్ళారా చూడొచ్చు, తుంటి ఎక్స్‌రే కూడా తీయించి చూసుకోవచ్చు.

నాలుగోది పూర్తిగా నేర్చిన కుక్క, ఫినిష్డ్ డాగ్. మూడేళ్ళ పైబడి ఉంటుంది. మూడు నాలుగు బాతులు వరసగా పడినా ఒక్కోటీ గుర్తుపెట్టుకుంటుంది, తను చూడని పక్షిని కూడా మీ ఈల, చేతి సైగల ఆధారంగా వెళ్ళి తెస్తుంది, దాన్ని బ్లైండ్ అంటారు. 10,000 నుంచి మొదలు, 20,000 దాటినవీ ఉన్నాయి. ఏడాదికి నలభై రోజులు వేటకి వెళ్ళేవాళ్ళకి, గైడ్ పని చేసేవాళ్ళకి ఇది సరైనది. పన్నెండు రోజుల మనలాంటి వాళ్ళ దగ్గర ఆ కుక్క నేర్చినది మెల్లగా మర్చిపోతుంది, ఎందుకంటే దాన్ని ఆ స్థాయిలో నడిపించడం మనకి రాదు. అన్నట్టు, పోటీల కోసం పెంచి, ఆ స్థాయికి సరిపోదని మూడు నాలుగేళ్ళ వయసులో అమ్మేసే కుక్కలు కూడా ఒక్కోసారి దొరుకుతాయి. మనకి అవి చాలా ఎక్కువే. అయితే పుట్టినప్పట్నుంచి కెన్నెల్లో పెరిగిన కుక్కకి మెట్లెక్కడం, వాక్యూమ్ క్లీనర్ చప్పుడు, చిన్నపిల్లల ఏడుపు అన్నీ కొత్తే అని గుర్తుంచుకోండి.

జాతుల సంగతి. మూడింటి మధ్యే మన ఎంపిక.

లాబ్రడార్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, 1991 నుంచి 2021 దాకా అమెరికన్ కెన్నెల్ క్లబ్ రిజిస్ట్రేషన్లలో ఏటా మొదటి స్థానం దానిదే. పొట్టి వెంట్రుకలు, నీళ్ళు దులిపేస్తే ఆరిపోతుంది, తప్పు చేసి తిట్లు తిన్నా ఐదు నిమిషాల్లో మర్చిపోయి తోక ఊపుతుంది. మొదటిసారి కుక్కని నడిపించేవాళ్ళు తప్పులు చేస్తారు కాబట్టి, మర్చిపోయే కుక్క మంచిది. గోల్డెన్ స్కాట్లండ్‌ది, 1868లో ట్వీడ్‌మౌత్ ప్రభువు ఎస్టేట్‌లో పుట్టిన పిల్లలతో ఆ జాతి మొదలైంది. మనసు మెత్తన, గట్టిగా అరిస్తే రోజంతా ముడుచుకుపోతుంది, పిల్లలతో దాన్ని మించింది లేదు. కానీ వేట రోజున ఆ పొడవు వెంట్రుకల్లో పల్లేరుకాయల్లాంటి ముళ్ళన్నీ చిక్కుకుని, సాయంత్రం గంటసేపు దువ్వుతూ కూర్చోవాలి. క్యాన్సర్ భయం నిజమైనది, మోరిస్ యానిమల్ ఫౌండేషన్ 2012లో మొదలుపెట్టి మూడు వేలకి పైగా గోల్డెన్లని జీవితాంతం పరిశీలించే అధ్యయనం పెట్టుకుందంటేనే సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది. బంటి తర్వాత ఇంకో గోల్డెన్ తెచ్చుకునే ధైర్యం మాకు లేకపోయింది. మీకు ఉంటే తప్పకుండా తెచ్చుకోండి, తాతముత్తాతలు ఎన్నేళ్ళు బతికాయో మాత్రం అడిగి తెలుసుకోండి.

చెసపీక్ బే రిట్రీవర్ మూడోది. 1807లో మేరీలాండ్ తీరంలో ఓడ మునుగుతుంటే కాపాడిన రెండు కుక్కల నుంచి వచ్చిన జాతిగా చెబుతారు, 1964 నుంచి అది ఆ రాష్ట్ర కుక్క కూడా. నూనె పట్టినట్టుండే ఒత్తు వెంట్రుకలు, గడ్డకట్టే నీళ్ళలో దీన్ని మించిన కుక్క లేదు. ఒకే మనిషికి అంటిపెట్టుకుంటుంది, ఇంటికి కాపలా కాస్తుంది. వారాంతం వస్తే పది కుటుంబాలు, ఇరవై చెప్పుల జతలు, తలుపు తీసే ఉండే మన ఇళ్ళకి ఇది కష్టం. ఎవరైనా కావాలంటే నేను వద్దనే చెబుతాను, మిన్నెసోటాలోనో డకోటాల్లోనో ఉండి, ఇంటికి రాకపోకలు తక్కువైతే అది వేరే సంగతి.

లాబ్రడార్ అనుకున్నాక ఇంకో ప్రశ్న వస్తుంది, అమెరికన్ వంశమా, బ్రిటిష్ వంశమా అని. ఇక్కడి ఫీల్డ్ ట్రయల్స్‌లో, అంటే వేటకుక్కల పోటీల్లో, కుక్కలు మూడు వందల గజాలు దాటి వెళ్ళి పక్షిని తేవాలి, కాబట్టి ఆ వంశాల్లో వేగం, ఆగని ఉత్సాహం తరతరాలుగా పేరుకుంది. బ్రిటన్ ట్రయల్స్‌లో కుక్క మూలిగినా అరిచినా పోటీలోంచి తీసేస్తారు, గంటలకొద్దీ కదలకుండా కూర్చుని మిగతా కుక్కలు పనిచేస్తుంటే చూడాలి, అందుకని అక్కడి వంశాల్లో ఓర్పు, నిశ్శబ్దం స్థిరపడ్డాయి. ఇంట్లో ఉండే 350 రోజులకి ఈ రెండోది నప్పుతుంది. ధర కొంచెం ఎక్కువ, ఆ పేరు చెప్పుకుని అమ్ముకునేవాళ్ళూ ఎక్కువే, కాబట్టి పేరు చూసి కొనకండి, కుక్కని చూసి కొనండి. చుక్క అమెరికన్ వంశమే, కానీ దాని తల్లి ఇంట్లో పెరిగిన కుక్క, మేం వెళ్ళినప్పుడు పొయ్యి ముందు పడుకుని లేవను కూడా లేదు. డాగ్ షోల కోసం పెంచిన బరువైన లాబ్రడార్లు మాత్రం ఈ పనికి వద్దు.

కాగితాల దగ్గర మొహమాటం అస్సలు వద్దు. తల్లిదండ్రులిద్దరి తుంటి, మోచేతుల ఓఎఫ్ఏ (కుక్కల ఎక్స్‌రేలు చూసి గ్రేడు ఇచ్చే సంస్థ) రిపోర్టులు ఉండాలి, తుంటికి ఎక్సలెంట్, గుడ్, ఫెయిర్ అన్న మూడూ పాసే, తుది గ్రేడు రెండేళ్ళు నిండాకే ఇస్తారు. ఈఐసీ అని ఒక జబ్బుంది, బాగా పరిగెత్తాక వెనక కాళ్ళు చచ్చుబడి కుక్క కూలబడుతుంది, నీళ్ళ మధ్యలో అలా జరిగితే ప్రాణమే పోతుంది. 2008లో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు దానికి కారణమైన జన్యువుని పట్టుకున్నారు, ఇప్పుడు చిన్న డీఎన్ఏ పరీక్షతో తేలిపోతుంది. కండరాల జబ్బు సీఎన్ఎంకి, కళ్ళ జబ్బు పీఆర్ఏకి కూడా పరీక్షలున్నాయి. పేరు వెనక జేహెచ్, ఎస్‌హెచ్, ఎంహెచ్ అని ఉంటే జూనియర్, సీనియర్, మాస్టర్ హంటర్ పరీక్షలు పాసైనట్టు. తల్లిదండ్రులకి ఎస్‌హెచ్ ఉంటే మనకి సరిపోతుంది.

ఇక నేను అందరికీ గట్టిగా చెప్పే మాట: కుక్కని చూడ్డానికి వెళ్ళినప్పుడు పొలంలో దాని ప్రతాపం చూపిస్తామంటారు, అది తర్వాత. ముందు ఇంట్లోకి తీసుకురమ్మనండి. కుర్చీలో కూర్చుని అమ్మేవాళ్ళతో అరగంట మాట్లాడండి, కుక్క ఏం చేస్తోందో కంటితో కనిపెడుతూ ఉండండి. పది నిమిషాల్లో ఒక మూల చూసుకుని పడుకుందా, లేక అరగంటా గోడ నుంచి గోడకి తిరుగుతూనే ఉందా? మేం చుక్కకంటే ముందు చూసిన ఒక మగ కుక్క పొలంలో బాణంలా వెళ్ళింది, చూస్తే కళ్ళు తిప్పుకోలేకపోయాం. ఇంట్లోకి తెస్తే నలభై నిమిషాలు ఆగకుండా తిరిగింది, కిటికీలో పిచ్చుక కనబడితే అద్దానికి గుద్దుకుంది, మా అమ్మాయి చేతిలో బొమ్మని లాక్కుంది. తప్పు దానిది కాదు, దానికి రోజూ అయిదు మైళ్ళ పరుగు, బోలెడంత పని కావాలి, మా ఇంట్లో అవి లేవు. వద్దని వచ్చేశాం. మీ పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్ళండి, ఇంకో కుక్క ఉంటే దాన్నీ తీసుకెళ్ళండి. ఏ పదాలతో నేర్పారో, ఈల ఎన్నిసార్లు ఊదితే ఏమిటో, ఈ-కాలర్ (బటన్ నొక్కితే చిన్న షాక్ ఇచ్చే మెడపట్టీ) వాడారా లేదా అన్నీ రాసుకుని, కుదిరితే ఫోన్‌లో వీడియో తీసుకుని రండి. ఈ-కాలర్‌తో నేర్చిన కుక్క అయితే దాన్ని ఎలా వాడాలో మీకు చూపించమనండి, తెలియకుండా బటన్ నొక్కితే వాళ్ళు ఏడాది కట్టింది మీరు వారంలో కూల్చేస్తారు.

ఆ పదాల సంగతి ఎందుకంటున్నానో చెప్తాను. చుక్కకి "గివ్" అంటేనే, అదీ చెయ్యి దాని గడ్డం కింద పెట్టాకే వదలమని నేర్పారు. వచ్చిన కొత్తల్లో మా పిల్లలు పెరట్లో బంతి ఆట ఆడుతూ "డ్రాప్ ఇట్" అనేవాళ్ళు, అది కాళ్ళ దగ్గర పడేసేది, వాళ్ళు మళ్ళీ విసిరేవాళ్ళు. నేను చూసీ పట్టించుకోలేదు. ఆ డిసెంబర్‌లో ఇంకా ప్రాణమున్న బాతుని తెచ్చి, నాకు మూడడుగుల దూరంలో నీళ్ళలో వదిలేసింది, అది మునిగి ఎటో పోయింది. చుక్క గంట వెతికింది, నేనూ వెతికాను, దొరకలేదు. ఆ రాత్రి ఫ్రిజ్ మీద కాగితం అంటించాం: ఏ పనికి ఏ పదం, ఎవరూ వేరే మాట వాడకూడదు. మా అమ్మ భీమవరం నుంచి వచ్చినప్పుడు ఆవిడకి మినహాయింపు ఇచ్చాం, "కూచో" అంటుంది, ఎప్పుడూ అదే మాట అంటుంది కాబట్టి చుక్క వారంలో నేర్చేసుకుంది.

అమ్మ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో కుక్క విషయం తేలేది పెద్దవాళ్ళ దగ్గరే. ఇంట్లో కుక్కేమిటి, మడి ఏం కావాలి అని మొదటి వారం చుక్క ఉన్న గదిలోకి కూడా రాలేదు. పూజగది గుమ్మం దగ్గర ఒక చాప వేసి, ఆ చాప దాటకూడదని చుక్కకి రెండు రోజుల్లో నేర్పాను, స్థలం చూపిస్తే అక్కడే ఉండటం దానికి ముందే వచ్చు. తెల్లారి అమ్మ పూజ చేసుకునేంతసేపూ చాప మీద ముందుకాళ్ళు చాపి, గంట చప్పుడికి చెవులు నిక్కబొడుచుకుని పడుకునేది. ఒకరోజు అమ్మ జపమాల సంచి ఉయ్యాల మీద మర్చిపోతే నోటితో తెచ్చి ఎదురుగా కూర్చుంది. గుడ్డ తడవలేదు. అమ్మ తీసుకోవడానికి ఓ నిమిషం తటపటాయించింది, చుక్క అలాగే పట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రం నుంచి దానికి పెరుగన్నం ముద్దలు మొదలయ్యాయి, అది ఆపడం ఇంకో పెద్ద పని.

నవ్వుతూ వదిలేసే విషయం కాదిది. లాబ్రడార్లలో దాదాపు నాలుగోవంతు కుక్కల్లో కడుపు నిండిందన్న కబురు మెదడుకి సరిగా అందకుండా చేసే జన్యులోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు చెప్పారు. కుక్కల తిండి తయారుచేసే ప్యూరినా కంపెనీ వాళ్ళు 48 లాబ్రడార్ల మీద జీవితకాలం చేసిన అధ్యయనంలో, కాస్త తక్కువ తిండితో సన్నగా ఉంచినవి మిగతా వాటికంటే దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. ఇంకోటి, ఉల్లిపాయ, వెల్లుల్లి, కిస్‌మిస్ కుక్కలకి విషం. మిగిలిన సాంబారు, పాయసం, పులిహోర పక్కన పెట్టిన ఉల్లిపాయ పకోడీ, ఏదీ పెట్టకూడదు. ఇది ఇంటికొచ్చే ప్రతి చుట్టానికీ చెప్పాలి.

వీసా మీద ఉన్నవాళ్ళకి ఒక మాట. హెచ్1బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉంటే ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర ఉంచుకోవడం నిషేధం, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్ళు ఇలాంటి విషయంలో ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా అడుగు వేయొద్దు. 16 ఏళ్ళు నిండినవాళ్ళకి స్టేట్ లైసెన్స్‌తో పాటు 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంప్ కావాలి, 1934 నుంచి ఉన్న ఈ స్టాంప్ డబ్బులో దాదాపు అంతా చిత్తడి నేలలు కొని కాపాడటానికే వెళ్తుంది. తుపాకీ మీరు పేల్చకుండా కూడా రిట్రీవర్‌తో ఆనందించొచ్చు: హంట్ టెస్టుల్లో (పైన చెప్పిన జూనియర్, సీనియర్, మాస్టర్ పరీక్షలే) తుపాకీ పేల్చేది నిర్వాహకులు నియమించినవాళ్ళు, మీ పని కుక్కని నడిపించడమే. బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్ళకి ఇంకా బాగుంటుంది, అక్కడ షూటింగ్ ఎస్టేట్లలో కుక్కలతో పడిన పక్షుల్ని ఏరితెచ్చే పికింగ్ అప్ అనే పని ఉంది, ఎంతోమంది కుక్కల యజమానులు సీజనంతా అదే చేస్తారు.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళు మాత్రం వేట మాట మర్చిపోవాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం, కొల్లేరుకో పులికాట్‌కో వచ్చే బాతులు చూసి ఆనందించడానికే. లాబ్రడార్ ఉంటే బంపర్లతో ఇదంతా నేర్పొచ్చు, దానికి కావాల్సింది తెచ్చివ్వడమే, బాతే అక్కర్లేదు. విజయవాడ ఎండల్లో తెల్లవారుజామున ఆరులోపే ముగించండి.

చివరిగా, కుక్కని ఇంటికి తెచ్చాక మొదటి రెండు వారాలు ఏం చేయాలో చెప్పి ఆపుతాను. కొనేముందు వారమో పది రోజులో ట్రయల్ అడగండి, నచ్చకపోతే డబ్బు వెనక్కిచ్చేలా కాగితం మీద రాయించుకోండి, మంచి బ్రీడర్లు చాలామంది ఒప్పుకుంటారు. తెచ్చిన రోజు బంధువుల్ని పిలవొద్దు, పార్టీ పెట్టొద్దు. దాని పాత క్రేట్ ఇస్తారేమో అడగండి, కనీసం అది పడుకున్న పాత తువ్వాలైనా తెచ్చుకోండి. బంపర్, ఈల, ఈ-కాలర్ అల్మరాలో పెట్టేయండి. తిండి మీరే పెట్టండి, రోజూ ఒకే దారిలో నడిపించండి, అది మీ వెనకాలే గది నుంచి గదికి రావడం మొదలుపెట్టేదాకా ఇంకేమీ అడగొద్దు. చుక్కకి పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు పొద్దున నేను కాఫీ కలుపుకుంటుంటే వెనక నుంచి వచ్చి నా మడమ మీద గడ్డం ఆనించి కూర్చుంది, ఆ సాయంత్రం మొదటి బంపర్ విసిరాను.